మోకాలు మొరాయిస్తే... కట్టుతో పోయేదేది? కత్తి దాకా పోయేదేది?

ఎద్దు కుంటితే ఆ పూటే పశువుల డాక్టరు దగ్గరికి తోలుకుపోతాం. బోరు మోటారు శబ్దం మారితే మెకానిక్‌ను పిలుస్తాం. మన మోకాలు మూలిగితే మాత్రం 'నాట్లు కానియ్యి, కోతలు కానియ్యి' అంటూ ఏడాది గడిపేస్తాం. ఈ నిర్లక్ష్యం ఒకవైపు. 'మోకాలు నొస్తే ఆపరేషనే' అని ఎవరో చెబితే భయపడి భూమి కుదువపెట్టడం ఇంకోవైపు. రెండూ నష్టమే. ఏ నొప్పికి ఆపరేషన్ కావాలి, దేనికి అక్కర్లేదు, ఏది ఒక్క పూట కూడా ఆగదు అన్నది తెలిసి ఉంటే కాలూ దక్కుతుంది, పైసా దక్కుతుంది.

రామారెడ్డి మండలంలోనే కాదు, కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో ఎక్కడ చూసినా పని అంతా మోకాళ్ల మీదే. కరిగెటలో బురద తొక్కాలి. వంగి నాట్లు వేయాలి. గొంతుక్కూర్చుని కలుపు తీయాలి. చెరకు మోపు నెత్తిన పెట్టుకుని ఒడ్డు మీద నడవాలి. అందుకే ఈ సంగతి డాక్టర్లకు వదిలేసేది కాదు, మనం తెలుసుకోవాల్సింది.

మోకాలిలో ఏముంది?

తొడ ఎముక, కాలి ఎముక కలిసే చోట ఉన్న కీలే మోకాలు. ముందువైపు చిప్ప కాపలా. ఎముకల చివర్లకు నున్నటి పూత ఉంటుంది. మనం 'గుజ్జు' అనేది దీన్నే. రెండు ఎముకల మధ్య అర్ధచంద్రాకారంలో రెండు మెత్తలుంటాయి. బండి ఇరుసుకు కందెన ఎట్లనో, గుజ్జు, మెత్తలు మోకాలికి అట్ల. కీలు అటూ ఇటూ జారకుండా పలుపుతాళ్ల వంటి నాలుగు గట్టి నరాలు బిగించి ఉంచుతాయి. డాక్టర్లు వీటిని లిగమెంట్లు అంటారు. ఎముక విరగొచ్చు, తాడు తెగొచ్చు, మెత్త చిరగొచ్చు, గుజ్జు అరగొచ్చు. ఏది పాడయిందన్న దాన్ని బట్టే వైద్యం.

ఒక్క పూట కూడా ఆగొద్దు

ట్రాక్టర్ మీద నుంచి పడ్డా, ఎద్దు తన్నినా, బండి మీద జారిపడ్డా కింది గుర్తుల్లో ఒక్కటి కనిపించినా 108కు ఫోన్ చేయండి. ఆ రోజే ఎముకల డాక్టరు ఉన్న ఆస్పత్రికి చేరాలి.

* మోకాలు వంకర తిరిగి, ఆకారమే మారిపోవడం.
* పాదం చల్లబడటం, తెల్లబారటం, స్పర్శ తెలియకపోవడం. కీలు పూర్తిగా జారితే వెనకాల ఉన్న పెద్ద రక్తనాళం దెబ్బతినొచ్చు. ఆరు గంటల్లోపు రక్తం మళ్లీ పారకపోతే కాలు దక్కడం కష్టం. కీలు దానంతట అదే సర్దుకున్నా సరే, పాదం చల్లగా ఉంటే పోవాల్సిందే.
* గాయం లోతుగా ఉండి ఎముకో, కీలో బయటికి కనిపించడం.
* వెల్లకిలా పడుకుని కాలు నిటారుగా పైకి ఎత్తమంటే ఎత్తలేకపోవడం. చిప్ప విరిగినా, చిప్పను పట్టి ఉంచే నరం తెగినా ఇట్ల అవుతుంది. ఇలాంటి వాటికి చాలాసార్లు ఆపరేషన్ తప్పదు. ఆలస్యమైతే తెగిన కొసలు పైకి గుంజుకుపోయి కుట్టడం కష్టమవుతుంది.
* మోకాలు ఎర్రగా, కాలిపోతున్నట్టు వాచి, జ్వరం రావడం. ముల్లు దిగినా, సూదిమందు వేసిన చోట చీము పట్టినా ఇట్ల జరుగుతుంది. చీము కొద్ది రోజుల్లోనే గుజ్జును తినేస్తుంది. దాన్ని వెంటనే తీసి కడగాలి. షుగర్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

ఆస్పత్రికి పోయేలోపు కాలును గుంజవద్దు, తిప్పవద్దు. ఏ వంపులో ఉందో ఆ వంపులోనే మోకాలికి పైనా కిందా దాకా వచ్చేలా రెండు కట్టెలు పెట్టి గుడ్డతో వదులుగా కట్టండి. ఆపరేషన్ పడొచ్చు గనుక దారిలో తిండి పెట్టవద్దు.

ఎక్స్‌రే తీయించాల్సిన దెబ్బలు

దెబ్బ తగిలిన ప్రతివాళ్లకూ ఎక్స్‌రే అక్కర్లేదు. కెనడా డాక్టర్లు దీనికి తేలికైన లెక్క కట్టారు. ప్రపంచమంతా దాన్నే పాటిస్తోంది. వయసు 55 ఏళ్లు దాటినా, చిప్ప మీదనే నొక్కితే నొప్పి ఉన్నా, మోకాలి కింద బయటివైపు ఎముక గుండు మీద నొప్పి ఉన్నా, పీట మీద కూర్చున్నట్టు మోకాలు సగం కూడా మడవలేకపోయినా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. ఇవేవీ లేకపోతే విరుగుడు ఉండే అవకాశం చాలా తక్కువ.

విరగలేదు, కానీ తెగింది!

ఎక్స్‌రేలో ఎముక బాగుందంటే అంతా బాగుందని కాదు. తాళ్లు, మెత్తలు ఎక్స్‌రేలో కనిపించవు. కబడ్డీ ఆడే పోరగాళ్లకు, ఒడ్డు మీద కాలు మెలిపడ్డవాళ్లకు ఈ బాధ ఎక్కువ. గుర్తులు చూడండి.

దెబ్బ తగిలినప్పుడు 'టప్' మని శబ్దం వచ్చి, రెండు మూడు గంటల్లోనే మోకాలు కుండలా ఉబ్బితే ముందు తాడు తెగిందని అనుమానించాలి. వాపు తగ్గాక కూడా నడుస్తుంటే మోకాలు ఒక్కసారిగా జారిపోతున్నట్టు ఉంటుంది. మెత్త చిరిగితే వాపు నిదానంగా, మరునాటికి వస్తుంది. చిరిగిన ముక్క కీలులో ఇరుక్కుంటే కాలు పూర్తిగా చాపలేరు. తలుపు గడియ పడ్డట్టు ఉంటుంది. ఇట్ల ఇరుక్కున్న కాలును మాలిష్ చేసి సర్దాలని చూడొద్దు. కొద్ది రోజుల్లోనే ఎముకల డాక్టరుకు చూపించాలి. చిన్న వయసులో తొందరగా పోతే మెత్తను కుట్టి నిలబెట్టే వీలుంటుంది.

తాడు తెగిన ప్రతివాళ్లకూ ఆపరేషన్ అక్కర్లేదు. తొడ కండ బలపడే కసరత్తుతో కొందరు కుదురుకుంటారు. కసరత్తు చేసినా మోకాలు జారుతూనే ఉంటే, ఒడ్ల మీద నడిచే పని తప్పకపోతే అప్పుడు ఆపరేషన్ ఆలోచించాలి. హైదరాబాద్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సైనా నెహ్వాల్‌కు 2016 ఆగస్టులో మోకాలి ఆపరేషన్ జరిగింది. మరుసటి ఏడాదే ప్రపంచ పోటీల్లో కంచు పతకం తెచ్చింది. సరైన ఆపరేషన్, ఆ వెనక నెలల తరబడి కసరత్తు ఉంటే మోకాలు మళ్లీ పనికొస్తుందనడానికి ఇదే నిదర్శనం.

అరుగుడుకు ఆపరేషన్ ఎప్పుడు?

నలభై యాభై దాటినవాళ్లలో ఎక్కువగా వచ్చేది గుజ్జు అరుగుడే. పొద్దున లేవగానే పట్టేసినట్టు ఉండి కాసేపటికి వదులుతుంది. మెట్లెక్కినా, కింద కూర్చుని లేచినా నొస్తుంది. మోకాలు కటకటమంటుంది. ఇంతమాత్రానికే కత్తి అక్కర్లేదు. ఎక్స్‌రేలో అరిగిందని కనిపించినా సరే. ఎక్స్‌రే చూసి కాదు, మనిషిని చూసి ఆపరేషన్ నిర్ణయించాలి.

కింది నాలుగూ కలిసినప్పుడే కీలు మార్పిడి గురించి మాట్లాడాలి. ఒకటి, రాత్రి పడుకున్నా నొప్పి నిద్ర పట్టనీయకపోవడం. రెండు, ఇంటి పని, బాయి కాడికి నడక కూడా కష్టమవడం. మూడు, కసరత్తు, బరువు తగ్గడం, మందులు మూడు నుంచి ఆరు నెలలు సరిగా చేసినా గుణం లేకపోవడం. నాలుగు, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఎముకకు ఎముక తగులుతూ కనిపించడం. కాళ్లు దొడ్డిగా వంగి, ఆ వంపు పెరుగుతూ ఉంటే మరీ ఆలస్యం చేయొద్దు. ఒకవైపే అరిగిన తక్కువ వయసువాళ్లకు కీలు మార్చకుండా ఎముకను కోసి వంపు సరిచేసే పద్ధతి కూడా ఉంది. అది అడగండి.

మాజీ ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయికి 2000 అక్టోబరులో ఒక మోకాలు, 2001 జూన్‌లో రెండోది మార్చారు. ఆ తర్వాతనే మన పల్లెల్లో కూడా ఈ ఆపరేషన్ మాట వినపడింది. కొత్త కీలు ఎన్నేళ్లు వస్తుంది? 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం వందలో 82 కీళ్లు పాతికేళ్లు నిలిచాయి. అయితే ఇది పుట్టుకతో వచ్చిన మోకాలు కాదు. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు, పెద్ద మోపులు మోయడం మానుకోవాల్సి వస్తుంది. పది మందిలో ఒకరిద్దరికి ఆపరేషన్ తర్వాత కూడా అనుకున్నంత గుణం కనిపించదు. చీము పట్టే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. ఇవన్నీ తెలిసే ఒప్పుకోవాలి.

అక్కర్లేని ఆపరేషన్

'చిన్న రంధ్రం పెట్టి గుజ్జు కడిగేస్తే సరి' అంటారు కొందరు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మీద ఇది పరీక్షించి 2002లో ఫలితం చెప్పారు. కొందరికి నిజంగా కడిగారు. కొందరికి పైపైన తోలు మీద గాటు పెట్టి కుట్టారు. రెండేళ్లు చూస్తే ఇద్దరికీ తేడా లేదు! కాబట్టి అరుగుడు నొప్పికి ఈ కడుగుడు కోసం అప్పు చేయొద్దు. చికున్‌గున్యా జ్వరం తర్వాత నెలల తరబడి వేధించే కీళ్ల నొప్పులకూ కత్తి అక్కర్లేదు. 2006లో మన ఊళ్లన్నీ ఆ నొప్పి చూసినవే.

కత్తి లేకుండా...

* కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, పది లెక్కపెట్టేదాకా ఆపి దించండి. రెండు కాళ్లకూ పదేసి సార్లు, పొద్దున, సాయంత్రం. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది.
* ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.
* కలుపు తీసేటప్పుడు చిన్న పీట వేసుకోండి. నడకకు చేతికర్ర నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టండి. ఎత్తు మరుగుదొడ్డి వాడండి.
* నొప్పి గోలీలు రోజూ మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు చెడతాయి. డాక్టరు చెప్పినన్ని రోజులే.
* మోకాలిలోకి సూదిమందు ఎముకల డాక్టరుతోనే వేయించుకోవాలి. దెబ్బ మీద పసరు వేసి బిగించి కట్టొద్దు. బిగువుకు రక్తం ఆగి కాలు నల్లబడ్డాక తీసేయడం తప్ప దారి ఉండదు.

ఖర్చు సంగతి

ముందు మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. అక్కడి నుంచి కామారెడ్డి, నిజామాబాద్ ప్రభుత్వ ఆస్పత్రులు. రెండు ఊళ్లలోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. నిజామాబాద్‌లో 2013లో, కామారెడ్డిలో 2023లో మొదలయ్యాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఏ మోకాలి ఆపరేషన్ ఏ ఆస్పత్రిలో పథకం కింద చేస్తారో చేరకముందే అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

కీలు ధరకు కూడా పగ్గం పడింది. 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర నిర్ణయించింది. అంతదాకా లక్షన్నర పైన పలికిన మామూలు రకం కీలు పన్ను కాకుండా 54,720 రూపాయలకు దిగింది. అందుకే బిల్లులో కీలు ధర విడిగా రాయమనండి.

'కోస్తాం' అన్న డాక్టరును మూడు మాటలు అడగండి. ఏది పాడయింది? కోయకుంటే ఏమవుతుంది? కోశాక ఎన్ని నెలలకు పొలం దిగొచ్చు? జవాబు అర్థం కాకపోతే ఇంకో డాక్టరుకు చూపించండి. తప్పేం లేదు. అత్యవసరం కాని ఆపరేషన్ అయితే యాసంగి కోతలు ముగిసి, వానాకాలం పనులు మొదలయ్యే ముందు పెట్టుకోండి. మొదటి ఆరు వారాలు ఇంటి దగ్గర ఒక మనిషి సాయం కావాలి. పొలం పనికి పోవడానికి కనీసం మూడు నెలలు పడుతుంది. ఆ సీజను నాట్లకు మీ చేతులు ఉండవని లెక్కవేసుకుని, కూలీల ఏర్పాటు ముందే చేసుకోండి.