పరిశోధనకు తొలిమెట్టు

ఉద్దానమును గూర్చి వ్యాసము వ్రాయబూనిన టెక్కలి విద్యార్థి సాధారణముగా “ఇచ్చట మూత్రపిండముల వ్యాధి ఎందుకు వచ్చుచున్నది?” అని ఆరంభించును. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతపు కొబ్బరి, జీడితోటల నడుమ ఎన్నో ఇండ్లలో వినవచ్చు మాట ఇది. ఇందులో ఆవేదన యున్నది. పరిశోధనకు పనికివచ్చు ప్రశ్న మాత్రము ఇంకను రూపొందలేదు.

మధుమేహము, రక్తపోటు వంటి తెలిసిన కారణములు లేనివారికిని ఈ వ్యాధి సోకుచున్నది. శ్రీలంక వరిపొలములలోను, నికరాగువా చెరకుతోటలలోను పనిచేయువారియందు ఇట్టి వ్యాధియే కలదు. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, నొప్పిమాత్రలు అనుమానమునకు పాత్రములైనవి. ఏ ఒక్కటియు కారణమని నిశ్చయముగా తేలలేదు.

“బావినీరే కారణమా?” అని ప్రశ్నను కుదించితిమనుకొందము. రోగులను మాత్రమే అడిగినచో బావినీరే త్రాగితిమందురు. ఆరోగ్యముగా నున్న పొరుగువారును ఆ నీరే త్రాగిరి గదా! కావున ఎవరిని ఎవరితో పోల్చుచున్నామో ప్రశ్నలోనే తేలవలెను. ఒకే గ్రామమున, ఒకే వయసున, ఒకే తీరు పనిచేయువారిని ఎంచుకొని, వ్యాధి యున్నవారిని లేనివారితో పోల్చవలెను.

పిమ్మట కొలత. రక్తములో క్రియాటినిన్ ఒకనాడు హెచ్చినంత మాత్రమున దీర్ఘవ్యాధి యనరాదు. లోపము మూడు నెలలైనను నిలిచియుండవలెను. ఒక్కసారి పరీక్షించి లెక్కగట్టినచో తాత్కాలికముగా నీరసించినవారును రోగులలో చేరుదురు.

మూడవది మన శక్తి. 2023 డిసెంబరులో హిరమండలము జలాశయము నుండి ఉద్దానమునకు గొట్టములద్వారా త్రాగునీరందించు పథకము ప్రారంభమైనది. దానివలన వ్యాధి తగ్గినదా యని తేల్చుటకు ఏండ్లు పట్టును. ఏడాది గడువుగల విద్యార్థికి అది తగదు. “మా గ్రామమున నేటికిని బావినీరు త్రాగు కుటుంబములెన్ని? కొళాయినీరు వాడకుండుటకు వారు చెప్పు కారణములేవి?” అనునది అతడు సాధింపగల ప్రశ్న. చిన్నదైనను పెద్ద పరిశోధనకు ఆధారమగును.

“కాదు” అను జవాబునకు తావులేని ప్రశ్న, ముందే వ్రాసికొన్న తీర్పు. అట్టి ప్రశ్నతో వెళ్లి రక్తము తీసికొనివచ్చుట, వ్యాధిగ్రస్తుల నమ్మకమును వమ్ముచేయుటయే యగును. విద్యార్థులు కలము పట్టుటకు ముందు తమ ప్రశ్నను ఆ ఊరి పెద్దకొకరికి చదివి వినిపింతురు గాక. ఆయనకు బోధపడని ప్రశ్నను తిరిగి వ్రాయుట మేలు.