కత్తికి పదును

కొబ్బరిచెట్టెక్కి దింపు తీయువానికి ఒక చేయి చెట్టుకు, ఒక చేయి కత్తికి. కత్తి మొద్దుబారినను, అంచు విరిగినను ప్రమాదమే. కనుక రాజోలు సీమలో కొలిమి చిన్న విషయము కాదు.

కమ్మరి పాత లారీ కమానుపట్టీని కాల్చి, దాగలిపై సమ్మెటతో సాగగొట్టి రూపు దిద్దును. అసలు విద్య పిమ్మట నున్నది. సుమారు 800 డిగ్రీల వేడిలో ఎఱ్ఱబడిన అంచును మాత్రము చప్పున చల్లార్చినచో అది గట్టిపడును. వెన్ను మెత్తగనే యుండి దెబ్బ కోర్చును. కాని గట్టిపడిన అంచు గాజువలె పెళుసు. దానిని మెఱుగుదీసి మరల మెల్లగా కాచినచో, 230 డిగ్రీల ప్రాంతమున ఎండుగడ్డి రంగు పొడసూపును. అప్పుడాపినచో పదును నిలుచును. నీలిరంగు వఱకు ఉపేక్షించినచో అంచు మెత్తబడును.

మెత్తని వెన్ను, గట్టి అంచు అను నీ కూర్పును వేయి యేండ్లనాడు ఉత్తర ఐరోపా వైకింగులును ఎఱుగుదురు. ఉక్కు అరుదగుటచే వారు ఇనుపకత్తికి ఉక్కు అంచు నతికిరి. మన తెలుగునాట ఉక్కునకు కొదువ లేదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రపు ఉక్కునకై ఒకప్పుడు ఇరాను వర్తకులు వచ్చిరి. నేడు కొదువ యగుచున్నది ఆ రంగును గుర్తించు చూపు. అది పెద్దల ప్రక్కన తిత్తి యూదిన పిల్లలకే అబ్బును.