అగసర నందిని

అగసర నందిని (జననం: 2003) తెలంగాణకు చెందిన అథ్లెటిక్స్ క్రీడాకారిణి. లాంగ్ జంప్ ఒక అంశంగా గల హెప్టాథ్లాన్ ఈమె ప్రధాన క్రీడ. ఈ క్రీడలో 2023 ఆసియా క్రీడలలో కాంస్య పతకాన్ని, 2025 ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణ పతకాన్ని సాధించింది.

నేపథ్యం

ఈమె తండ్రి టీ అమ్మి కుటుంబాన్ని పోషించాడు. నందిని తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాలయంలో చదువుకుంది. ద్రోణాచార్య పురస్కార గ్రహీత నాగపురి రమేశ్ వద్ద శిక్షణ పొందింది. తొలినాళ్ళలో ఈమె హర్డిల్స్ క్రీడాకారిణి. 2021లో నైరోబీలో జరిగిన ప్రపంచ అండర్-20 పోటీలలో 100 మీటర్ల హర్డిల్స్‌లో పాల్గొంది. హర్డిల్స్‌లో అలవడే వేగము, అడుగుల లెక్క లాంగ్ జంప్‌లోనూ అక్కరకు వస్తాయి కనుక హెప్టాథ్లాన్‌కు మారడం సహజమైన మార్పే.

హెప్టాథ్లాన్ లెక్క

ఇందులో రెండు రోజులలో ఏడు అంశాలు ఉంటాయి. మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు; రెండవ రోజు లాంగ్ జంప్, జావెలిన్ త్రో, 800 మీటర్ల పరుగు. ఒక్కొక్క ఫలితాన్ని నిర్ణీత సూత్రం ప్రకారం పాయింట్లుగా మార్చి కూడుతారు. ఒక అంశంలో మొదటి స్థానం వచ్చినంత మాత్రాన ప్రత్యేక పాయింట్లు ఉండవు. ఆరు మీటర్ల దూకుడు దగ్గర ఒక్క సెంటీమీటరు విలువ సుమారు 3 పాయింట్లు.

హాంగ్‌ఝౌలో ఈ లెక్క ఎంత సూక్ష్మమైనదో తెలిసివచ్చింది. నందిని లాంగ్ జంప్‌లో 5.94 మీటర్లు దూకింది. చివరి అంశమైన 800 మీటర్లను 2 నిమిషాల 15.33 సెకన్లలో పూర్తిచేసి, మొత్తం 5712 పాయింట్లతో మూడవ స్థానం పొందింది. నాలుగవ స్థానంలో నిలిచినది 2018 ఆసియా క్రీడల విజేత, భారత్‌కే చెందిన స్వప్న బర్మన్. ఆమె పాయింట్లు 5708. అనగా రెండు రోజుల శ్రమ తరువాత తేడా నాలుగే పాయింట్లు. 800 మీటర్ల పరుగులో ఇది సెకనులో మూడవ వంతు కూడా కాదు.

ఆసియా స్వర్ణం

2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో నందిని 5941 పాయింట్లతో విజేత అయింది. అక్కడ లాంగ్ జంప్‌లో 6.13 మీటర్లు దూకింది. హాంగ్‌ఝౌ కంటే ఇది 19 సెంటీమీటర్లు ఎక్కువ. ఈ ఒక్క అంశంలోనే సుమారు 58 పాయింట్లు కలిసివచ్చాయి. సోమా బిశ్వాస్ (2005), స్వప్న బర్మన్ (2017) తరువాత ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ఈ స్వర్ణం గెలిచిన మూడవ భారతీయ మహిళ నందిని.

2004లో జె.జె. శోభ నెలకొల్పిన జాతీయ రికార్డు 6211 పాయింట్లు. గుమిలో నందిని స్కోరు దానికి 270 పాయింట్లు తక్కువ.