ఎరువు కారుతో సరిహద్దు దాటుట

మన పాఠశాల విద్యార్థులలో పలువురి బంధువులు ఇప్పుడు దూరప్రాంతములందును పరదేశములందును కాపురములుండుట మనమెఱిగినదే. సెలవులకు వారియిండ్లకు పోయినవారికి "మా కారు తీసికొనిపోయి నాలుగు చోట్లు చూచి రండి" అను ఆదరవాక్యము తప్పక వినవచ్చును. ఊరినుండి ఊరికి పోవునంతవఱకు ఆ మాటయే చాలును. దేశము దాటునప్పుడు చాలదు. ఏల చాలదో, అప్పుడేమేమి కావలయునో, మేము పడిన చిక్కులను ఆధారముగా చేసికొని ఇందు వివరింపదలచితిమి.

2023 వ సంవత్సరము డిసెంబరు సెలవులలో మేము సకుటుంబముగా గోరఖ్‌పూరునకు పోయితిమి. మా మేనమామగారు రైల్వే ఉద్యోగులు. ఏడెనిమిది నెలలక్రిందట అచ్చటికి బదిలీయై, విజయవాడలో కొన్న తమ కారును వెంటగొనిపోయిరి. అచ్చటినుండి నేపాలు సరిహద్దునగల సోనౌలి ఇంచుమించు 100 కిలోమీటర్లు. ఆవలికి దాటిన పిమ్మట మఱి 25 కిలోమీటర్లు పోయిన లుంబిని వచ్చును. అశోకచక్రవర్తి నిలిపించిన శాసనస్తంభము 1896 లో బయల్పడిన చోటది. ఏటేట పిల్లలకు ఆ పాఠము చెప్పుచున్న మాకు దానిని కన్నులార చూడవలెనని చిరకాలముగా కోరిక. ఆ మాట విన్నంతనే మేనమామగారు తాళపుచెవి మా చేతిలో పెట్టిరి. అడుగుటయు ఇచ్చుటయు అంతలో ముగిసినవి.

క్రిస్మసు పండుగ గడచిన మఱునాడు సోనౌలి చేరితిమి. బాటకు ఒక ప్రక్కగా సరకుల లారీలు కనుచూపు మేర బారులుదీరి నిలిచియుండెను. మనుష్యులు మాత్రము మూటలతోను సైకిళ్లతోను ద్వారముక్రింద అటునిటు సంతకు పోవునట్లు పోవుచుండిరి. భారతీయులకును నేపాలీయులకును ఈ సరిహద్దు దాటుటకు వీసా అక్కఱలేదు. 1950 లో ఉభయదేశములు చేసికొన్న సంధి ఇందులకు మూలము. మనుష్యులకే అడ్డులేనప్పుడు కారున కడ్డేమని మేము తలపోసితిమి. మా పొరపాటంతయు ఆ తలపులోనే యున్నది.

సుంకపు అధికారి దృష్టిలో మనుష్యుడు బాటసారి, కారు సరకు. చక్రములున్నను, లోపల పసిబిడ్డ నిద్రించుచున్నను, అది సరకే. నేపాలులో కార్లపై విధించు పన్నులు మిక్కిలి అధికము. మన దేశమున కొన్న వెలకు రెట్టింపు పెట్టినను అదే కారు అచ్చట లభించుట కష్టము. ఇట్టిచో ప్రతివాడును పన్నులేకుండ ఒక కారును లోనికి నడిపించుకొనిపోయి, అచ్చటనే అమ్ముకొని, కాలినడకను తిరిగివచ్చినయెడల ఆ దేశపు బొక్కసము గతియేమి? అందువలన విహారమునకు వచ్చు కారుకు తాత్కాలికమైన రహదారి చీటి యిత్తురు. సుంకమును అచ్చట 'భన్సారు' అందురు గావున ఈ చీటికిని వాడుకలో ఆ పేరే కలదు. ఎన్ని దినములుందుమో ముందుగా చెప్పి, దినమునకింతయని రుసుము చెల్లించి, దానిని పుచ్చుకొనవలెను. అట్లు ఉండదగిన దినములకును ఏడాదికి ఇన్నియని హద్దు కలదు. సారమేమన, ఆ చీటి "ఈ కారు మరల వెనుకకు పోవును" అను వాగ్దానము. ఇక ఆ వాగ్దానము చేయువాడెవడు? కారు మనదైనచో మనమే. ఎరువు కారైనచో, దూరమున ఇంటిలో కూర్చున్న మఱియొకరు.

కొలువుకూటములోని గుమాస్తా మా కాగితములను త్రిప్పి చూచి, కారు ఎవరిదని అడిగెను. మా మేనమామగారిదని చెప్పితిమి. అతడు రిజిస్ట్రేషను పత్రముపై నొక వ్రేలును, మా లైసెన్సుపై నొక వ్రేలును ఉంచి, రెంటిలోను కలిసిన పేరు ఏదని ప్రశ్నించెను. మేము నిరుత్తరులమైతిమి. మేనమామ యింటిపేరు మేనల్లునికి రాదు గదా! తెలుగుదేశమున ఏ పల్లెకు పోయినను "ఫలానివారి మేనల్లుడు" అన్నచో అదియే హామీ. ఆ హామీ ఏ కాగితముపైనను వ్రాసియుండదని మాకు అదివఱకు తోచనేలేదు. గుమాస్తా మమ్ము అవమానింపలేదు. యజమాని సంతకముగల అధికారపత్రమును తెండు, చీటి యిచ్చెదనని మాత్రము చెప్పెను. దొంగిలించిన కారును మాయమాటలు చెప్పి దాటించువారును కొందఱు మా వలెనే పిల్లాపాపలతో వత్తురేమో, అతనికెట్లు తెలియును?

ఆ రాత్రి సోనౌలిలోనే ఒక బసలో ఉంటిమి. మేనమామగారు ఆ మఱునాడు ఆఫీసునకు సెలవుపెట్టి, తెల్లవారకమునుపే బస్సెక్కి, చలిలో మూడు గంటలు ప్రయాణముచేసి స్వయముగా వచ్చిరి. పత్రము రెండు నిమిషములలో ముగిసెను. ఒక్క సంతకమునకై ఆయన దినమును వ్యర్థపుచ్చితిమను సిగ్గు మాకు మిగిలెను. చదువరులకు అట్టి సిగ్గు కలుగకుండుటకై ఆ పత్రమున ఏమేమి వ్రాయించితిమో చెప్పెదము: యజమాని పేరు, చిరునామా, కారు నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, నడుపువాని పేరు, లైసెన్సు నంబరు, ఏ దేశమునకు, ఏ తేదీనుండి ఏ తేదీవఱకు పోవుచున్నదను సంగతి, క్రింద యజమాని సంతకము. దానితోకూడ యజమాని గుర్తింపుకార్డు నకలును, కారు అసలు పత్రములును ఉండవలెను. నోటరీచేత ధ్రువపఱపించిన మఱింత మేలు.

ఇట్టి కట్టుబాట్లు నేపాలునకు మాత్రమే పరిమితములు కావు. కొన్ని దేశములకు కారును గొనిపోవలెనన్న 'కార్నే' అను పుస్తకము కావలయును. అందు ప్రతి పుటయు మూడు భాగములుగా నుండును. ఒకటి లోనికి పోవునప్పుడును, ఒకటి వెలుపలికి వచ్చునప్పుడును అధికారులు చించుకొందురు. మూడవది ముద్రలతో పుస్తకముననే నిలుచును. కారు తిరిగి రానిచో, పుస్తకమిచ్చిన మోటారు సంఘము పూచీపడి సుంకము చెల్లించి, ఆ సొమ్మును మనవద్ద రాబట్టుకొనును. ఐరోపాలోని కట్టుబాటు ఇంకను విచిత్రమైనది. స్విట్జర్లాండు ఐరోపా సమాఖ్యవారి సుంకపు పరిధిలో చేరలేదు. జర్మనీలో కాపురమున్న తమ్ముడు, స్విట్జర్లాండులోనున్న అన్నగారి కారును ఎరువు తెచ్చి జర్మనీలో తిరిగినచో, దానిని దిగుమతి చేసినట్లే యెంచి కారు విలువపై నూటికి 10 వంతు సుంకమును, ఆపై 19 వంతు పన్నును అడుగవచ్చును. అన్నగారును ఆ సమయమున సమాఖ్య పరిధిలోనే యుండి, తమ పనుపున అప్పుడప్పుడు నడిపించినచో సామాన్యముగా చిక్కులేదు. అన్నదమ్ముల ప్రేమలో లోపమున్నదని ఎవరును అనరు. కారు ఎవరి అధీనమున ఉన్నదనునదే వారి ప్రశ్న.

మరల మా ప్రయాణమునకు వత్తము. మేనమామగారు బస్సులో వెనుకకు మరలిరి. మాకు రెండు దినములకు చీటి దొరకెను. దానిపై తేదీ విక్రమశకమున నుండెను: 2080, పౌష మాసము. మన పంచాంగమున నింకను మార్గశిరమే. గడియారమును కూడ 15 నిమిషములు ముందునకు త్రిప్పుకొనవలసి వచ్చెను. 100 రూపాయలకు మించిన భారతీయ నోట్లు చెల్లవని నేపాలు ప్రభుత్వము 2018 డిసెంబరులో ఉత్తరువు చేసియుండుటచే, మా వద్దనున్న 500 రూపాయల నోట్లను ఈవలి ప్రక్కనే మార్చుకొంటిమి. బాటకు ఎడమ ప్రక్కనే నడపుట మాత్రము మన దేశమునందువలెనే గావున, ఆ విషయమున చేతులు తడబడలేదు.

లుంబినిలో స్తంభము చెంత చాలసేపు గడపితిమి. దానిపైని బ్రాహ్మీ యక్షరములు మా పుస్తకపు బొమ్మలో కంటె స్పష్టముగా నుండెను. రెండవదినము మధ్యాహ్నము బయలుదేరవలసినవారము, పిల్లల కోరికపై ఆలసించితిమి. సాయంకాలమగుసరికి ఆ మైదానముపై మంచు తెరవలె దిగెను. ముందుపోవు బండి ఎఱ్ఱదీపము తప్ప మఱేమియు కనబడలేదు. చీటి గడువు ఆనాటితో తీరును; తీరినచో దండుగ. ఆ తొందరలో కొంచెము వేగము పెంచితిమి. ఎదుట దీపము లేని సైకిలుపై గడ్డిమోపుతో ఒక వృద్ధుడు ఆకస్మికముగా కానవచ్చెను. కారు ఆయనకు జానెడు దూరమున ఆగెను. ఆయన ఏదో గొణిగి సాగిపోయెను. అటుపిమ్మట నత్తనడకనే నడచి, గడువులోపలనే సరిహద్దు చేరి, చీటిని అప్పగించితిమి. అప్పగింపక వచ్చినచో కారు ఇంకను నేపాలులోనే యున్నట్లు వారి లెక్కలలో నిలిచియుండును. ఈ సంగతిని చాలమంది మఱతురు.

గోరఖ్‌పూరు చేరిన రాత్రి భోజనమైన పిమ్మట మేనమామగారు కాగితముల సంచిని సర్దుచు బీమాపత్రమును విప్పిరి. అందొకచోట, బీమా వర్తించు భౌగోళిక పరిధి భారతదేశము అని యుండెను. మేము ముగ్గురము ఆ పంక్తిని మాటిమాటికి చదివితిమి. మన దేశపు సామాన్య కారు బీమా సరిహద్దువద్దనే ఆగిపోవును. నేపాలు, భూటాను, బంగ్లాదేశము, పాకిస్తాను, శ్రీలంక, మాల్దీవులు — ఈ దేశములకు దానిని పొడిగింపవచ్చును. అదనపు రుసుము చెల్లించి, బయలుదేరుటకు ముందే పత్రముపై చేర్పించుకొనవలెను. మేము చేర్పింపలేదు. ఆ రెండు దినములును కారుకు బీమా లేనట్లే. ఎవరికైనను ప్రాణహాని కలిగియున్నచో, నడిపిన మాతోపాటు, అధికారపత్రముపై సంతకము చేసిన మేనమామగారును ఆ భారమును మోయవలసి వచ్చియుండును.

"పోనీలేరా, ఏమియు జరుగలేదు గదా," అని ఆయన పత్రమును మడిచిరి. అప్పుడు మేము సైకిలు వృద్ధుని సంగతి చెప్పితిమి. ఆయన చాలసేపు ఏమియు పలుకలేదు. మఱునాటి ఉదయము అత్తయ్యగారు కాఫీ యిచ్చుచుండగా, బీమా ఏజెంటునకు ఫోను చేసి, పొడిగింపునకు రుసుమెంతయో కనుగొనుచుండిరి.