పుట్టేవి కోట్లు, మిగిలేవి కొన్నే

యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు మన ఎముక మూలుగలో రోజూ కోట్లలో పుడతాయి. అయినా ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో వాటి సంఖ్య పెద్దగా పెరగదు. చాలావరకు పనిలోకి దిగకుండానే పోతాయి మరి!

అప్పుడే పుట్టిన బి కణాల్లో సగానికి పైగా సొంత ఒంటి మీదికే తిరగబడే రకమని 2003లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. అలాగని వాటిని వెంటనే చంపేయదు శరీరం. జన్యువు ముక్కలను మళ్లీ పేర్చుకుని, శత్రువును గుర్తుపట్టే గ్రాహకాన్ని మార్చుకోవడానికి అవకాశమిస్తుంది. అప్పటికీ తీరు మారకపోతే చావే. కొన్నింటిని మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా చేసి వదిలేస్తుంది.

మూలుగ దాటి వచ్చినవాటికీ రేషన్ తప్పదు. ‘బాఫ్’ అనే ప్రొటీన్ అందితేనే వాటికి మనుగడ. అది కొంతే దొరుకుతుంది, కాబట్టి జనాభా అదుపులో ఉంటుంది. బాఫ్ మితిమీరేలా పెంచిన ఎలుకలకు, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదికే తిరగబడే ల్యూపస్ లాంటి జబ్బు వచ్చింది. ఆ బాఫ్‌నే పట్టి ఆపే బెలిముమాబ్‌కు 2011లో అమెరికా అనుమతి లభించింది. ల్యూపస్‌కు అర్ధ శతాబ్దం తర్వాత వచ్చిన కొత్త మందు అదే.

గొంతునొప్పి వస్తే దవడ కింద బిళ్లలు కడతాయి కదా, అసలు వడపోత అక్కడే. ఆ లింఫ్ గ్రంథుల్లో బి కణాలు విభజన చెందుతూ, తమ యాంటీబాడీ జన్యువులో తామే మార్పులు తెచ్చుకుంటాయి. క్రిమి భాగాన్ని గట్టిగా పట్టుకోగలిగినదానికి మరో రకం రోగనిరోధక కణాలైన టి కణాల సాయం దొరుకుతుంది. మిగతావి గంటల్లో చచ్చి, చచ్చిన కణాలను మింగేసే మాక్రోఫేజ్‌లకు మేతవుతాయి. ఆ మేత తాలూకు తునకలను 1885లోనే సూక్ష్మదర్శినిలో చూసినవాడు జర్మనీకి చెందిన వాల్టర్ ఫ్లెమింగ్. పెన్సిలిన్ ఫ్లెమింగ్ వేరు!

మరి బి కణాలు ఎదగనే ఎదగకపోతే? మాటిమాటికీ న్యుమోనియా బారిన పడుతున్న ఎనిమిదేళ్ల బాలుడి రక్తంలో యాంటీబాడీలే లేవని 1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ గుర్తించాడు. ఆ జబ్బుకు మూలమైన జన్యువు 1993లో దొరికింది. అది పనిచేయకపోతే బి కణాలు ఎదగవు. విచిత్రమేమిటంటే, అదే జన్యువు తయారుచేసే ఎంజైమును కావాలని అడ్డుకునే మందు ఇబ్రూటినిబ్‌ను ఇప్పుడు కొన్ని బి కణాల క్యాన్సర్లకు వాడుతున్నారు.

జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు మరింత తెగించారు. రోగి టి కణాలనే మార్చి బి కణాల మీదికి వదిలే కార్-టి చికిత్సతో ఐదుగురు ల్యూపస్ రోగుల బి కణాలను తుడిచిపెట్టేశారు. కొన్ని నెలలకు అవి మళ్లీ పుట్టుకొచ్చాయి, జబ్బు మాత్రం వెంట రాలేదని 2022లో ప్రకటించారు. బి కణాలనే గురిపెట్టే కార్-టి మన దేశంలోనూ తయారైంది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన ఆ చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ప్రస్తుతానికి అది రక్త క్యాన్సర్లకే.