సరిహద్దు పల్లె జ్ఞాపకాలు - వీడియో గేమ్ పరిశోధన

వీడియో గేమ్ అనగానే పిల్లల చదువును పాడుచేసే వ్యసనమని పెద్దలు భావించడం పరిపాటి. అయితే ఆ ఆటలనే అధ్యయనాంశంగా స్వీకరించి విశ్వవిద్యాలయాలలో బోధిస్తున్నవారూ ఉన్నారు. గతాన్ని ప్రజలు ఏ విధంగా గుర్తుంచుకుంటారు, ఆ జ్ఞాపకాన్ని ఆటలు ఎట్లా మలుస్తాయి అన్నదే వారి పరిశోధన.

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయానికి చెందిన వీత్ షిస్లర్ అట్టివారిలో ఒకరు. వీడియో గేములలో అరబ్బుల చిత్రణను పరిశీలిస్తూ 2008లో ఆయన ఒక వ్యాసం ప్రచురించారు. పాశ్చాత్య దేశాల యుద్ధక్రీడలలో అరబ్బు తరచు కాల్చవలసిన శత్రువుగానే కనిపిస్తాడని, అరబ్బు దేశాలలో తయారైన కొన్ని ఆటలలో ఆ పాత్రలు తారుమారయ్యాయని అందులో వివరించారు. ఆటను తయారుచేసినవారిని బట్టి వీరుడు, శత్రువు మారిపోతారన్న మాట.

ఆయన విశ్లేషణతోనే ఆగలేదు. చరిత్రకారులతో కలిసి ఆయన బృందం స్వయంగా ఆటలను రూపొందించింది. 1942 మే 27న ప్రాగ్‌లో నాజీ అధికారి హైడ్రిచ్‌పై దాడి జరిగింది. అనంతరం సాగిన దారుణ ప్రతీకారమే 2017లో అంతర్జాతీయంగా విడుదలైన ‘అతెంతాత్ 1942’కు నేపథ్యం. తాతగారిని నాజీల రహస్య పోలీసులు ఎందుకు అరెస్టు చేశారో తెలుసుకొనడానికి ఆడేవారు నాయనమ్మను, ఇతర వృద్ధులను ప్రశ్నించాలి. అడగడం, ఓపికగా వినడం, ఇదే ఆట.

2021లో వచ్చిన ‘స్వొబోద 1945’ మనకు మరింత చేరువైనది. జర్మనీ సరిహద్దు చెంతనున్న ఒక పల్లెలో పాత బడి భవనాన్ని కాపాడాలా, కూల్చనివ్వాలా అని నిర్ణయించడానికి ఒక ఉద్యోగి వస్తాడు. విచారించేకొద్దీ పాత గాయాలు బయటపడతాయి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం చెకొస్లొవేకియా నుండి సుమారు 30 లక్షల మంది జర్మన్లను వెళ్లగొట్టారు. అది న్యాయమేనని ఒకరు, ఇరుగుపొరుగుకు చేసిన ద్రోహమని మరొకరు తలచుకుంటారు. పాత్రలు కల్పితమే గాని, వాటికి ఆధారం ప్రత్యక్ష సాక్షుల మాటలు, చరిత్ర పరిశోధన.

ఉత్తర్వు ఏమిటో దస్త్రం చెబుతుంది. ఆ ఉత్తర్వు వచ్చిన రాత్రి ఇంట్లో ఏమి జరిగిందో మనిషి చెబుతాడు. రెండింటినీ పక్కపక్కన ఉంచి పరిశీలించడం పరిశోధకుని బాధ్యత. అందుకు వ్యవధి తక్కువ. 1945లో పదేళ్ల బాలునికి నేడు 90 దాటింది.

మన పల్లెల కథ వేరు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఎల్లలు మారినా మనుషులు తమ ఊళ్లలోనే నిలిచారు. అయినా ఆ మార్పు ఇంటింటా ఏ విధంగా అనుభవమైందో, బడిలో ఏ భాష వచ్చి ఏది తగ్గిందో చెప్పగల పెద్దలు తరిగిపోతున్నారు. ఒకే సంఘటనను గురించి ఇద్దరు పెద్దలను వేర్వేరుగా అడగండి. చెప్పినవారి పేరు, ఊరు, సంవత్సరం రాసి ఉంచండి. ఇద్దరి మాటలు కలవకపోతే రెండింటినీ ఉంచండి, ఏదీ కొట్టివేయకండి.