నీరడివారి యింటిపేరు

మనలో ననేకులము వివాహముతో నింటిపేరు మార్చుకొనుచున్నాము. పుట్టినింటిదైనను, మెట్టినింటిదైనను, ఆ పేరెట్లు వచ్చెనని యడుగుట మాత్ర మరుదు. తెలుగునాట ఊరి పేర్లే యింటిపేర్లైనవి మిక్కుటము. వృత్తినిబట్టి కలిగినవియు గలవు. కుమ్మరి, కమ్మరి, వడ్ల, కరణము అనునవి వినినంతనే బోధపడును. జర్మనీ దేశమున నెల్లెడల వినవచ్చు మ్యుల్లర్, ష్మిట్ అను పేర్లు నిట్టివే. మొదటిది పిండిమర నడపువానిది, రెండవది కమ్మరిది.

మా ప్రాంతపు వృత్తినామములలో నాకు మిక్కిలి యింపైనది నీరడి. మా వారు దిద్దుటకై యింటికి దెచ్చు పరీక్షపత్రములపై నీ పేరు కానవచ్చినపుడెల్ల, వ్రాసిన బాలికకు దీని యర్థము తెలియునా యని తలపోయుదును.

గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) కాలమునాటి పెద్దచెరువు గల యూరు మాది. చెరువు త్రవ్వించినవాడు రాజు కావచ్చును. దానిని నిలిపినవాడు నీరడి. వానకాలమున రాత్రులు కట్టపై దిరిగి గండి పడకుండ గాచుట, తూము తెఱచుట, మూయుట, కాలువల వెంట నడచి వంతు తప్పక మడిమడికి నీరు మళ్లించుట వాని పని. కొన్ని చెరువులలో తూముబిరడా తీయుటకు నీట మునుగవలసి వచ్చెడిది! నీరు చాలని యేట నెవ్వరి పైరు దక్కునో వాని చేతిలో నుండెడిది. ఇందులకు ప్రతిఫలము కళ్లమువద్ద గొలిచి యిచ్చు గింజలు, కొన్ని యూళ్ల నించుక యినాము భూమి. రాయలసీమయందును, మైసూరు దేశమునందును ఈ పనివానినే నీరుగంటి యందురు.

పెక్కు గ్రామములలో నీ పని దళిత కుటుంబములది. సొంతభూమి లేనివాడు పక్షపాతము చూపడని పెద్దలు చెప్పెడి కారణము. ఊరిమళ్ల కెల్ల నీరు పంచిన యా చేయి ఊరిబావిలో చేద వేయరాదట! ఇంతకన్న వింత న్యాయ మెందైన గలదా?

తండ్రి పని కొడుకునకు సంక్రమించుటచే పిలుపు పేరైనది. బడిపట్టికలలోని కెక్కి యింటిపేరుగా స్థిరపడినది. దేశముఖు అనునదియు నిట్లు పుట్టినదే. అది పన్ను వసూలుచేయు నుద్యోగము. 1865లో మొదటి సాలార్‌జంగు జిల్లాబందీ యేర్పఱచి యా పనిని సర్కారు నౌకర్ల కప్పగించినను, బిరుదు తఱుగలేదు. నీరడి పని బోరుబావులు వచ్చి సన్నగిల్లగా, ఆ పేరు చెప్పుకొనుటకు సిగ్గుపడువారిని నేను జూచితిని. రెండును పనిపేర్లే గదా!

ఇతరులు తగిలించిన పనిపేరు వేఱు. తెలంగాణ పోరాటకాలమున విసునూరు దేశముఖు నెదిరించి పాలకుర్తిలో తన పంట దక్కించుకొన్న ఐలమ్మగారి యింటిపేరు చిట్యాల. లోకము చాకలి ఐలమ్మ యనియే పిలిచినది. ఆమె 1985లో గతించినది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరిడినపుడు ఆ పనిమాటయు నందు జేరినది. దానిని గౌరవమని మెచ్చువారును, చిట్యాల యేమైనదని యడుగువారును గలరు. నాకు రెండవవారి ప్రశ్నయే సబబుగా దోచును.

నేనెఱిగిన నీరడివారి యవ్వ యొకతె చదువెఱుగదు. ఏ తూము క్రింద నెవరి మడి ముందు తడియవలెనో, ఏ కాలువ యెచట చీలునో నేటికిని వేళ్లు మడిచి వరుసగా జెప్పును. వారి మనుమరాలు దానిని పుస్తకమున వ్రాసికొనుచున్నది.